నాలుగో పేజీ పల్లేరు కాయలు

పొద్దున ఏడున్నర బస్సుకు పత్రికల కట్ట లింగాలలో దిగుతుంది. ఏజెంటు నాగేశ్ వాటిని సైకిలు మీద వేసుకుని ఊరంతా తిరిగి, చిట్టచివరికి యోహాను ఇంటికొస్తాడు. చివరికి ఎందుకంటే, ముందే వస్తే ఆ పెద్దమనిషి చదివేది ఆసాంతం వినేదాకా కదలనివ్వడు.

యోహానుకు మొదటి మూడు పేజీలతో పనిలేదు. నాలుగో పేజీలో 'కొరివి' అనే కలం పేరుతో ఒకాయన రాస్తాడు, ఆయన కావాలి. గచ్చు మీద కుర్చీ వేసుకుని, కళ్లద్దాలు తుడుచుకుని, వాడ చివరిదాకా వినపడేలా అందుకుంటాడు. కొరివి ఎవరినీ వదలడు. గద్దె మీదున్నవాళ్లు దున్నపోతులు, గద్దె దిగినవాళ్లు నక్కలు, ఓటేసినవాళ్లు బుర్రలో గుజ్జులేని గొర్రెలు. యోహాను ఒక్కో మాటా నొక్కి పలుకుతుంటే అతని నోట్లోంచి గచ్చు మీదికి టపటపా ముళ్ల పల్లేరు కాయలు రాలేవి. కొరివి మెత్తబడిన రోజు నాలుగో అయిదో. ఎన్నికలప్పుడైతే చేటెడు.

పక్కింటి గీత గిన్నె పట్టుకుని వచ్చేది.

"పెద్దనాయినా, ఇయ్యాల జర గట్టిగ రాసిండా? మా ఆయన కషాయానికి గుప్పెడు గావాలె."

గీత మొగుడికి మూత్రపిండాల్లో రాళ్లు. పల్లేరు కషాయం రాళ్లను కరిగిస్తుందని ఆ వైపు అందరి నమ్మకం. గీత తీసుకుపోగా మిగిలినవి యోహాను భార్య శాంతమ్మ ఊడ్చి దిబ్బలో పోసేది.

యోహాను కొరివిని ఊరికే నమ్మలేదు. వయసులో ఉన్నప్పుడు మేస్త్రీ వెంట రాష్ట్రాలు దాటి కాలువలు తవ్విన మనిషి. ఒకచోట కట్ట విరిగిపడి, ఒక్క పళ్లెంలో తిన్న నలుగురు మట్టి కింద పోయారు. కాంట్రాక్టరు రాత్రికి రాత్రే గుంపును లారీ ఎక్కించి పంపేశాడు. ఏ పత్రికా ఒక్క ముక్క రాయలేదు. కొరివి ఒక్కడే ఆ నలుగురి పేర్లూ రాసి, కాంట్రాక్టరును పేరు పెట్టి తిట్టాడు. ఆ రోజు యోహాను పత్రికను కళ్లకద్దుకుని ఏడ్చాడు. అలాంటి మనిషిని నోటి దురుసుందని వదిలేస్తామా?

చిక్కంతా శాంతమ్మ కాళ్లతో వచ్చింది. తొమ్మిదేళ్లుగా షుగరు. అరికాళ్లు మొద్దుబారి, నిప్పు తొక్కినా తెలియని స్థితి. ఒకరోజు ఆమె నడిచినచోటల్లా గచ్చు మీద తడి మరక పడుతుంటే యోహాను కాలెత్తి చూశాడు. బొటనవేలి కింద పల్లేరు కాయ దిగబడి ఉంది. ఎన్నాళ్లయిందో ఆమెకే తెలియదు.

నాగర్‌కర్నూల్లో షుగరు డాక్టరు దాన్ని తీసి, కడిగి, కట్టు కట్టాడు.

"చీము పైకి పాకితే వేలు తీయాల్సి వస్తుంది. అంతటితో ఆగకపోతే పాదం. ఇంకో ముల్లు మాత్రం గుచ్చుకోకుండా చూసుకోండి" అన్నాడు.

తిరిగొచ్చాక యోహాను రెండు రోజులు గింజుకున్నాడు. కొరివిని మానేస్తే ఆ నలుగురినీ రెండోసారి పూడ్చిపెట్టినట్టుంటుంది. మానకపోతే ఈమె కాలు. మూడోనాడు నాగేశ్‌ను వాకిట్లోనే ఆపాడు.

"రేపటికెళ్లి మాకు పేపరు ఎయ్యకు."

"అయ్యో, పేపరు సూడకుంటె నీకు అన్నం సయిస్తదా?" అంది శాంతమ్మ లోపలినుంచి.

"నీ కాలుకన్నా ఎక్కువనా?" అన్నాడు యోహాను. ఆ మాటకు తనలో తనే కాస్త పొంగిపోయాడు కూడా.

వారం గడిచింది. పత్రిక లేని పొద్దులు ఉప్పులేని కూరల్లా ఉన్నా ఓర్చుకున్నాడు. ఎనిమిదోనాడు చూస్తే గీత ఎప్పటిలా గిన్నె పట్టుకుని వచ్చి, మంచం కింద చెయ్యిపెట్టి కాయలు ఏరుకుంటోంది.

"పేపరు మానేస్తిమి గదనే గీతా! ఇంగ ఏడియి?"

"మానినరా? నాకు తెల్వదు పెద్దనాయినా. నేనైతే రోజూ తీస్కపోతనే ఉన్న. నిన్న నువ్వు కరెంటు బిల్లాయనను తిట్టిన కాడ పది దొరికినయి. పొద్దుగాల షుగరు గోలీలు మింగుడు మర్సిపోయిందని పెద్దమ్మను తిట్టిన కాడ గివ్వి." గిన్నె వంచి చూపించి, తన దారిన తను వెళ్లిపోయింది.

యోహాను వెనక్కి తిరిగాడు. శాంతమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

"నీకు తెల్సా?"

"తెల్సు."

"ఎప్పటికెళ్లి?"

"రెండేండ్లాయె. పేపరు సదివిన నాడు ఎక్కువ, సదవని నాడు తక్కువ. గంతే."

"మరి నాకెందుకు జెప్పకపోతివి?"

"జెప్తే తిడ్తవు. ఇంకో నాలుగు రాల్తయి."

ఆమె ఆ మాట కోపంగా అనలేదు. కోపంగా అనివుంటే బాగుండేదనిపించింది యోహానుకు. పొద్దున గోలీల దగ్గర ఏమన్నాడో గుర్తు తెచ్చుకున్నాడు. 'బుర్రల గుజ్జు లేదా నీకు' అన్నాడు. అది కొరివి మాట. ఓటేసినవాళ్లకని రాసింది. తవ్వకాల గుడారాల్లో ఎండకు సొమ్మసిల్లిన శాంతమ్మకు తడిగుడ్డ వేసి, పొద్దుగూకేదాకా కబుర్లు చెప్పిన మనిషి తనే. ఆ మనిషి ఎటు పోయాడో అతనికి అంతుబట్టలేదు. సిగ్గుతో ముఖం ఎత్తలేకపోయాడు.

ఆ రోజునుంచి నోరు కట్టేసుకున్నాడు. కావాల్సింది చేత్తో చూపించేవాడు, లేదంటే ఒక్క ముక్కలో తేల్చేవాడు. మూడు రోజులు ఇంట్లో ఒక్క కాయ రాలలేదు. గీత ఖాళీ గిన్నెతో వెనక్కి పోయింది. ఇల్లు మాత్రం శవం లేచిన ఇల్లులా ఉంది.

"మాట్లాడయ్యా, నేను సెప్పులు ఏస్కునే తిరుగుత" అని శాంతమ్మే బతిమాలింది.

నాలుగోనాడు ఆమెకు చలిజ్వరం వచ్చింది. కాలు వాచి, కట్టు దాటి ఎర్రగా పైకెక్కింది. పొద్దున్నే బస్సెక్కి దవాఖాన చేరేసరికి బల్లలన్నీ నిండిపోయి ఉన్నాయి. 'చెప్పులు బయట విడువవలెను' అని తలుపు మీద రాసి ఉంది. అక్కడికొచ్చేవాళ్లంతా షుగరు కాళ్లవాళ్లే, అందరూ వట్టికాళ్లతోనే కూర్చున్నారు. యోహానుకు ఆరో నంబరు చీటీ ఇచ్చారు.

తలుపు దగ్గర కాంపౌండరు చీటీలు చూడకుండా, ఎవరికోసం సిఫారసు ఫోను మోగితే వాళ్లనే లోపలికి పంపుతున్నాడు. యోహాను మూడుసార్లు లేచి మెల్లగా అడిగాడు.

"సారూ, జర మా ఆమెను సూడున్రి. జొరమున్నది."

"కూసో పెద్దాయనా, పిలుస్తం గద."

ఇస్త్రీచొక్కా వేసుకున్న ఒకాయన అప్పుడే కారు దిగి, ఫోను చెవికి ఆనించుకునే లోపలికి వెళ్లిపోయాడు. అలా లోపలికి పోయినవాళ్లలో ఆయన పదకొండోవాడు. శాంతమ్మ పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. యోహాను నాలుక కింద ఏదో గుచ్చుకుంటోంది. దవడలు బిగించి మింగబోయాడు.

శాంతమ్మ అతని చెయ్యి పట్టుకుంది.

"అను" అంది. "ఇయ్యాల అను."

యోహాను లేచి నిలబడ్డాడు.

"మాది ఆరో నంబరు. పదకొండు మంది లోపలికి పోయిండ్రు. నా భార్య కాలు కుళ్లుతుంటే నువ్వు ఫోను సూసి తలుపు తీస్తున్నవు. ఈడ కూసున్నోళ్లు మనుషులు గాదా? నీ తల్లి గిట్ల వణుక్కుంట కూసుంటే గిట్లనే జేస్తువా? సిగ్గుండాలె!"

ఒక్క మాటా కొరివిది కాదు. అన్నీ అతని కడుపులోంచి వచ్చినవే. పల్లేరు కాయలు నున్నటి బండల మీద పడి నాలుగు దిక్కులా దొర్లాయి. కాంపౌండరు గోడకు అంటుకుపోయాడు. కేకలు విని డాక్టరే బయటికొచ్చి, శాంతమ్మ కాలు చూసి, చక్రాల కుర్చీలో లోపలికి తీసుకుపోయాడు.

తలుపు మూసుకున్నాక యోహాను కిందికి చూశాడు. బల్లల కింద వరసగా వట్టి పాదాలు, నొప్పి తెలియని పాదాలు. వాటి మధ్య తన ముళ్లు.

"కాళ్లు పైకి పెట్టున్రమ్మా, జర పైకి పెట్టున్రి" అంటూ మోకాళ్ల మీద కూలబడ్డాడు. అందరూ పాదాలు బల్లల మీదికి తీసుకున్నారు. గద్వాల నుంచి వచ్చిన జమ్ములమ్మ అనే ముసలామె "తొమ్మిది పడినయి నాయినా, నేను సూసిన" అంది.

యోహాను పాకుతూ ఒక్కోటీ ఏరుకున్నాడు. కొరివి ఇన్నేళ్లు రాశాడు గానీ ఏ గచ్చు మీదికీ వచ్చి వంగి ఏరింది లేదు. ఆయనకు ఏ ఇంట్లో ఏ కాలుందో తెలియదు. తప్పు ఆయనదని అనుకోవడానికి యోహానుకు మనసొప్పలేదు. చదివింది తను, పాదం తన ఇంట్లోది. ఏరాల్సింది తనే కదా అనుకున్నాడు.

గంట తర్వాత తలుపు తెరుచుకుంది.

"సాయంత్రందాకా ఆగితే వేలు పోయేది. చీమంతా తీసేశాను, వేలుంటుంది" అన్నాడు డాక్టరు.

అతని వెనకే శాంతమ్మ గోడ పట్టుకుని మడమ మీద నడుస్తూ గడప దగ్గరికొచ్చింది.

"ఏం జేస్తున్నవయ్యా?"

"ఆడనే ఉండు! ఎన్మిదే దొరికినయి. ఇంకొకటి దొరుకుతలేదు."

ఆమె అక్కడే ఆగిపోయింది. "పేపరు మల్ల ఏపిస్తవా?" అని అడిగింది.

"ఏపిస్త. ఆయన తిట్టేది తిట్టనీ. నేను సదివేది సదువుత. రాలినయి నేనే ఏరుత, నువ్వు వంగకు."

బల్లల కిందంతా మరోసారి వెతికాడు. ఎక్కడా లేదు. ఇక లాభం లేదని లేవబోతే కుడి మోకాలు చురుక్కుమంది. పంచె పైకి లాగి చూశాడు. ఇంతసేపూ దాని మీదే పాకుతున్నాడు. పీకి, రక్తం పంచెకే తుడుచుకుని, అందరికీ కనపడేలా చెయ్యెత్తి చూపించాడు.

"దొరికింది. ఇంగ రా శాంతా."

అప్పుడు శాంతమ్మ కట్టు కట్టిన కాలు ముందు పెట్టి గడప దాటింది.