మత్తు డాక్టరమ్మ

నేను బీరకాయల చెక్కు తీస్తుంటే మా ఆయన గైడ్‌లైన్స్ కాగితాలు తిరగేసి, "బాగనే రాసినవు కళావతీ. గానీ ఎవరు పాటిస్తరు?" అన్నారు. వెటకారం కాదు, నిజంగానే అడిగారు. ఆయన సర్జన్, నేను మత్తు డాక్టర్ని. సొంత నర్సింగ్‌హోమ్ కాబట్టి నాకు జీతం లేదు. "ఇంటి మనిషికి జీతమేంది?" అని అత్తమ్మ ఎప్పుడో తేల్చేసింది. ఆ ఏడు, రెండువేల ఆరులో, డాక్టర్ల సంఘం వాళ్లు "మేడమ్‌కు ఓపిక ఎక్కువ" అంటూ ఈ రాతపని కూడా నాకే అంటగట్టారు. గర్భసంచి ఎప్పుడు తీయాలి, ఎప్పుడు తీయకూడదు అన్నది విషయం. వంటకీ థియేటర్‌కీ మధ్య రాశాను. చదివి అందరూ మెచ్చుకున్నారు. ఆపరేషన్లు మాత్రం తగ్గలేదు.

కోపం కన్నా నాకు వింతగా ఉండేది. అందరం చదివింది ఆ పుస్తకాలే కదా, మరెందుకు చేయరు? కనిపించిన డాక్టరునల్లా అడిగాను. "వాళ్లే తీసేయమని వస్తున్నరు మేడమ్" అన్నారు. సరే, వాళ్లనే అడుగుదామని వార్డులోకి వెళ్లాను. అశ్వారావుపేట పామాయిల్ తోటల్లో కూలికి పోయే సక్రి మంచం మీద కూర్చుని ఉంది. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. తెల్లబట్ట అవుతోందని వచ్చింది. తెల్లారితే ఆపరేషన్.

"తీసేయమని నువ్వే అడిగినవా?"

"నేనెందుకు అడుగుత? ఉంచుకుంటే క్యాన్సర్ అయితదని మీ సారే చెప్పిండు. నిజమేనా అమ్మా?"

ఆమె రిపోర్టులు మళ్లీ చూశాను. ఇన్‌ఫెక్షన్ తప్ప ఇంకేమీ లేదు.

ఆ సాయంత్రం ఆయన చెల్లెలు పుష్పలత ఫోన్ చేసింది. ఆమెకూ అదే బాధ. వాళ్ల ఊరి డాక్టరు గర్భసంచి తీసేయాలన్నాడట. "పిచ్చా నీకు? గీ వయసుల తీసేస్తే బొక్కలు గుల్లబారుతయి. గోలీలు రాస్త, మొగుడూ పెళ్లాం ఇద్దరూ వాడుండ్రి. తర్వాత చూద్దాం" అని కసిరారు ఈయన. నేను రాసింది రాసినట్టు, పొల్లు పోకుండా అప్పజెప్పారు. చపాతీల పళ్లెం ఆయన ముందు పెట్టాను. తెలియక కాదన్నమాట. ఎవరికి పాటించాలో, ఎవరికి అక్కర్లేదో ముందే తేల్చుకున్నారు.

"మరి సక్రికి?"

"సక్రి వేరే."

"ఏం వేరేనండీ? లోపల ఉన్నది అదే కదా."

"పప్పు వెయ్" అన్నారు.

వేశాను. వేస్తూ వేస్తూ ఆలోచించాను. ఇన్నాళ్లూ కత్తి పట్టేవాళ్ల చుట్టూ తిరిగాను. మత్తు లేందే కత్తి కదలదు కదా! ఇంత చిన్న సంగతి తట్టనందుకు నా మీద నాకే నవ్వొచ్చింది. ఆయన తింటుండగానే లోపలి గదిలోకి పోయి ఫోన్ చేసుకుని వచ్చాను.

"రేపు సక్రికి నేను మత్తు ఇయ్యను. పుష్పకు చెప్పిన గోలీలే ఆమెకూ రాయండి."

ఆయన చెయ్యి కడుక్కుంటూ నవ్వారు. "నువ్వు గాకుంటే ఊళ్లె మత్తు డాక్టర్లే లేరా?"

"ఉన్నరు, ఇంకో ఇద్దరు. ఇద్దరూ సర్జన్ల పెళ్లాలే. ఇప్పుడే మాట్లాడిన. నేను పూర్తిగ చెప్పకముందే వాళ్లే అన్నరు, 'మేమూ రాము' అని."