నెమ్మదిగా చెప్పిన మాట

నేను బస్సు కండక్టర్ని. నా నోటికి బ్రేకుల్లేవు. స్టాపుల పేర్లన్నీ ఒక్క ఊపిరిలో అప్పగించేస్తాను. "నీ మాటలు ఏరుకోవడానికి మనిషిని పెట్టుకోవాలే" అని నాన్న ఆటపట్టించేవాడు.

ఆయన దర్జీ. పక్షవాతం వచ్చి తగ్గాక చెయ్యీ కాలూ కొంత స్వాధీనంలోకి వచ్చాయి గానీ, మనుషుల మాటలు మాత్రం ఆయనకు అందేలోపే దాటిపోతున్నాయి. అయినా తల ఊపుతాడు. కొట్లో ఎవరేం చెప్పినా ముందు తల ఊపేయడం ఆయనకు పాత అలవాటు.

టీవీ అంటే చిరాకు. అందులో అందరూ పరుగులేనట. నిన్న మాత్రం ఒక కార్యక్రమం ముందు కదలకుండా కూర్చున్నాడు. రోజూ చూసేవాటినే అతి నెమ్మదిగా చూపిస్తున్నారు. అగ్గిపుల్ల అంటుకోవడానికి బోలెడంత సేపు పట్టింది. తడిసిన కుక్క ఒళ్ళు విదిలిస్తే చెవులొక పక్కకి, మూతొక పక్కకి పోయాయి. నాన్న నవ్వాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక అదే మొదటి నవ్వు. తర్వాత కుట్టుమిషను సూది గుడ్డలోకి దిగింది. దారం అడుగున ఉచ్చులా విచ్చుకుని, బాబిన్ చుట్టూ తిరిగొచ్చి బిగుసుకుంది.

"ఇలాగా జరిగేది!" అన్నాడు. "జీవితమంతా కుట్టాను... ఒక్కసారీ చూళ్ళేదే."

నేనూ ఆ పద్ధతిలోనే, ఒక్కో మాటా విడిచి విడిచి అడిగాను.

"టీ... తాగుతావా... నాన్నా?"

"చక్కెర ఎక్కువెయ్యి."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంత చిన్న కిటుకు ఇన్నాళ్ళూ తట్టనందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

టీ తాగుతూ నాన్న వంటగది వైపు చూశాడు.

"మీ అమ్మ ఇంకా రాలేదేం?"

నాన్న ఆసుపత్రిలో ఉండగానే అమ్మ గుండె ఆగిపోయింది. తమ్ముడు ఆయన మంచం పక్కన నిలబడి, ఏడుస్తూ, గబగబా ఆ సంగతి చెప్పేశాడు. నాన్న తల ఊపాడు. తెలిసింది, తట్టుకున్నాడు అనుకున్నాం అందరం. ఆయనా అమ్మ గురించి అడగలేదు, మేమూ మళ్ళీ నోరెత్తలేదు.

ఇప్పుడు నేను చెప్పాలి. తొందరపడితే ఆయనకు అందదు. మాటలు ఇంత బరువుంటాయని నాకు అంతవరకూ తెలీదు.

"అమ్మ... చనిపోయింది... నాన్నా."

ఈసారి తల ఊపలేదు. కప్పు కింద పెట్టి నా ముఖంలోకే చూశాడు.

"ఎప్పుడు?"

"నువ్వు... ఆసుపత్రిలో... ఉన్నప్పుడు."

"నాకు చెప్పారా?"

"చెప్పాం."

"మరి నేను ఏడవలేదేంటమ్మా?"