పెట్టె అడుగున లేబుల్

ఏనుగులమ్మ అంటే ఆ వీధిలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఏనుగుల్ని పెంచుతుందనుకునేరు, కుడుతుందంతే. జానెడు గుడ్డ ఏనుగులు, కడుపు నిండా దూది. ఏ పిల్లకి పంపాలో ఆ పిల్ల పేరు ఏనుగు చెవి మీద రంగు దారంతో కుట్టడం ఆవిడ ప్రత్యేకత. అమ్మకమంతా ఆన్‌లైన్‌లోనే. ఆవిడ దుకాణానికి తలుపూ లేదు, బోర్డూ లేదు. ముందు గదిలో కుట్టుమిషను, నడవాలో అట్టపెట్టెలు, మెట్ల కింద అరలో దూది పెట్టెలు. చీపురు పెట్టుకోడానికి చోటు లేదని అత్తగారు రోజుకి రెండుసార్లు సణగడం వేరే.

సెలవుల ముందు మూడు వారాలే ఆవిడకి అసలు ఏడాది. మిగతా నెలలన్నీ దానికి తయారవడమే. ఆ మూడు వారాలూ ఆవిడ ప్రాణం పొడుగాయన చేతుల్లో ఉంటుంది. పార్సిల్ కంపెనీ వ్యాను నడిపే మనిషి. గుమ్మంలోకి రావాలంటే మెడ వంచక తప్పనంత పొడుగు, అందుకే ఆ పేరు.

"ఏంటక్కా, ఏనుగులన్నీ స్నానాలు చేసి రెడీయేనా?" అంటూ వచ్చేవాడు.

"నీ కోసమే కూర్చున్నాయి తమ్ముడూ, తొండాలు ఊపుకుంటూ," అనేది ఆవిడ.

ఆయన రాకపోతే ఈ ఏనుగులు ఇంట్లోనే ముసలివైపోవాలి. ఈవిడలాంటి వాళ్లు అమ్మకపోతే ఆయన వ్యాను ఖాళీగా తిరగాలి. ఒకరంటే ఒకరికి అంత అవసరం. ఆ అవసరం వల్లే ఇద్దరూ కలిసి ఒక చిన్న తప్పు చేసేవాళ్లు. కంపెనీ రూలు ప్రకారం ఆయన ప్రతి పార్సిలునీ గుమ్మం దగ్గరే స్కాన్ చేసి తీసుకోవాలి. సెలవుల ముందు నలభై పెట్టెలు ఒక్కొక్కటీ చూస్తూ కూర్చుంటే మిగతా ఇళ్లకి వెళ్లినట్టే! అందుకని ఆవిడ అన్నీ గోనెసంచిలో వేసి, మూతి కట్టి, "ముప్పై రెండు" అనో "నలభై ఒకటి" అనో చీటీ రాసి గుచ్చేది. ఆయన చీటీ చదివి సంచి భుజాన వేసుకునేవాడు. స్కానింగు సంగతి ఆఫీసులో మిషను చూసుకునేది. మూడేళ్లు ఇలాగే నడిచింది. ఒక్క ఏనుగు తప్పిపోలేదు.

ఈ ఏడాది తప్పిపోయింది. మొదట ఒక తల్లి రాసింది, పార్సిలు రాలేదు, మా అమ్మాయి రోజూ గేటు దగ్గర నిలబడుతోంది అని. ఏనుగులమ్మ ట్రాకింగ్ చూసింది. లేబుల్ తయారైంది అని ఉంది. ఆ తర్వాత ఒక్క ముక్క లేదు. పోనీలే, రద్దీలో ఎక్కడో ఆగి ఉంటుందనుకుంది. పొడుగాయనకి చెబితే ఆయన తల గోక్కుని, "నేనైతే సంచి సంచిలాగే దింపానక్కా," అన్నాడు. నాలుగు రోజులకి రెండోది. ఆ వెంటనే మూడోది. నాలుగోది కూడా పోయేసరికి అమ్మకాల సైటు నుంచి ఉత్తరం వచ్చింది. నాలుగు పార్సిళ్లు అమ్మినవాళ్ల తప్పు వల్ల చేరలేదని తేలితే సెలవులు అయ్యేదాకా దుకాణం మూసేస్తారట. రవాణాలో పోయాయని తేలితే మాత్రం ఆవిడకేమీ కాదు. ఏ సంగతో శుక్రవారంలోగా చెప్పాలట.

ఏనుగులమ్మ ఆ ఉత్తరం అత్తగారికి చదివి వినిపించింది.

"ఇందులో తేల్చడానికేముంది?" అంది అత్తగారు, కుర్చీలోంచి లేవకుండానే. "ఇంట్లోంచి వెళ్లాయి. వాళ్లకి చేరలేదు. మధ్యలో ఉన్నది ఒక్కడే."

"అతను అలాంటివాడు కాదు అత్తయ్యా."

"దొంగలు మొహాన రాసుకుని తిరుగుతారా ఏమిటి?"

అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా! ఆ మాట చెవిన పడ్డప్పటి నుంచీ ఆవిడకి పొడుగాయన చేసే ప్రతి పనీ వంకరగానే కనబడసాగింది. ఇదివరకు కూర్చుని మంచినీళ్లు తాగి వెళ్లేవాడు, ఇప్పుడు నిలబడే తాగుతున్నాడు. ఇదివరకు చీటీ పైకి చదివేవాడు, ఇప్పుడు జేబులో పెట్టుకుంటున్నాడు. సంచి ఎత్తేముందు ఒకసారి తడిమి చూస్తున్నాడు, ఏం చూస్తున్నాడు? జోకులు కూడా తగ్గాయి. ఆవిడ జోకులు అంతకుముందే తగ్గాయి కానీ, ఆ సంగతి ఆవిడ లెక్కలోకి రాలేదు.

బుధవారం నాడు ఆయన సంచి వేసుకుని వెళ్లగానే ఏనుగులమ్మ కూరల సంచి ఒకటి చేత పట్టుకుని వెనకాలే బయల్దేరింది. మలుపు తిరిగాక మూతపడ్డ వర్క్‌షాపు గోడ పక్కన వ్యాను ఆగి ఉంది. వెనక తలుపు తీసి ఉంది. ఆవిడ కట్టిన సంచి మూతి విప్పి ఉంది. పెట్టెలన్నీ వ్యాను లోపల వరసగా పేర్చి, ఆయన ఒక్కొక్కటీ ఎత్తి, తిప్పి చూస్తున్నాడు.

"ఏం చేస్తున్నావు తమ్ముడూ?"

ఉలిక్కిపడ్డాడు. చేతిలో ఫోను గబుక్కున జేబులోకి పోయింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఆ జేబు మీద రెండుసార్లు చెయ్యి వేసుకున్నాడు కూడా.

"ఏం లేదక్కా. సర్దుతున్నా."

"కట్టిన సంచి విప్పి సర్దడమేమిటి?"

ఆయన వెనక తలుపు వేసేసి బండెక్కాడు. ఇంకేం కావాలి! ఆవిడ ఇంటికొచ్చి చెప్పులు కూడా విడవకుండా పార్సిల్ ఆఫీసుకి ఫోన్ చేసింది. కళ్లారా చూశానంది. సంచి విప్పి పెట్టెలు ఏరుతున్నాడంది. అదే సంగతి సైటు వాళ్లకీ రాసేసింది. రాశాక హాయిగా ఉండాల్సింది, ఉండలేదు. ఆ సాయంత్రం ఒక ఏనుగుకి రెండు చెవులూ ఒకే పక్క కుట్టి మళ్లీ విప్పింది.

మర్నాడు వ్యాను రాలేదు. ఫోన్ చేస్తే ఆఫీసువాళ్లు, "ఆయన్ని రూటు నుంచి తీసేశామండీ, విచారణ. ఈ రద్దీలో ఇంకో బండి లేదు. మీ పార్సిళ్లు మీరే తెచ్చుకోండి," అన్నారు. నడవాలో ముప్పై ఎనిమిది పెట్టెలు. సెలవుల లోపు చేరాలంటే శనివారమే ఆఖరు. ఏనుగులమ్మ వాటి మధ్య కూలబడి, ఎవరి మీదో తెలియని కోపంతో టేపు చుట్టని గోడకేసి కొట్టింది.

శుక్రవారం పొద్దున తలుపు చప్పుడయింది. చూస్తే పొడుగాయన. కంపెనీ చొక్కా లేదు, మామూలు గళ్ల చొక్కా. మెడ వంచలేదు, ఎందుకంటే లోపలికి రాలేదు.

"నన్ను దొంగన్నారట," అన్నాడు.

"నా కళ్లతో చూశాను."

"నేనూ చూపిస్తాను, చూడండి." ఫోను తీసి ముందుకు చాపాడు. "మొదటిది పోయిందని మీరన్న రోజు నుంచీ ప్రతి పెట్టెకీ పైనా కిందా ఫొటోలు తీస్తున్నా. మలుపు దగ్గర ఆపేది అందుకే."

"ఫొటోలు ఎందుకు?"

"ఇవ్వకుండానే ఇచ్చామనే వాళ్లని చూశానక్కా. చీటీలో ముప్పై రెండని రాసి సంచిలో ముప్పై ఒకటి పెడితే నాకేం తెలుస్తుంది?"

"అంటే నన్నే అనుమానించావా? మూడేళ్ల నుంచి చూస్తున్నావు, నన్నా!" ఏనుగులమ్మకి ఒళ్లు మండిపోయింది.

"నువ్వు మాత్రం చేసిందేమిటే?" అంది లోపల్నుంచి అత్తగారు, తనకేమీ సంబంధం లేనట్టు.

ఆవిడ ఫోను లాక్కుని ఫొటోలు జరపసాగింది. ఆఖరుగా పోయిన పార్సిలు కనబడింది. పైన తను అంటించిన లేబుల్, తన రాత. అంటే ఆయన వ్యానులోకి ఎక్కిందన్నమాట. తర్వాతి ఫొటోలో అదే పెట్టె అడుగు. అడుగున ఇంకో లేబుల్. దూది కంపెనీది. దాని మీద అడ్రసు తన ఇంటిదే.

ఏనుగులమ్మ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

సెలవుల ముందు కొత్త పెట్టెలు దొరకవు. దొరక్కపోతే దూది వచ్చిన పెట్టెల్లోనే ఏనుగుల్ని పంపేది. ఇదివరకు పాత లేబుల్ మీదే కొత్తది అంటించేది. ఆ ముడతలు చూసి ఎవరో, "చెత్తలోంచి తీసిన పెట్టెలా ఉంది," అని సైటులో రాశారు. ఆ మాట పట్టుకుని ఈసారి పెట్టె తిరగేసి, శుభ్రంగా ఉన్నవైపు కొత్త లేబుల్ అంటించింది. అడుగున పాతది అలాగే ఉండిపోయింది. దాన్ని నల్ల మార్కరుతో కొట్టెయ్యాలని తెలుసు. మొదట్లో కొట్టేసింది కూడా. తర్వాత మార్కరు ఎండిపోయింది. అడుగు ఎవడు చూడొచ్చాడులే అనుకుంది.

కానీ ఆఫీసులో మిషను చూసింది. ఏ ముఖం దాని వైపుంటే ఆ ముఖం మీది అడ్రసు చదివి అక్కడికే పంపింది.

"అత్తయ్యా," అంది. "ఈమధ్య దూది పెట్టెలు ఎన్ని వచ్చాయి?"

"ఎన్నొస్తే అన్నీ మెట్ల కింద తోశాను. నువ్వేగా దూది, దూది అని ప్రాణం తీస్తావు!"

మెట్ల కింద అరలో, చీపురు వెనక, విప్పని పెట్టెలు. మొదటిది కోస్తే దూదే. రెండోది కోస్తే బూడిదరంగు తొండం బయటికొచ్చింది. చెవి మీద పసుపు దారంతో ఆ గేటు దగ్గర నిలబడే అమ్మాయి పేరు. నాలుగు ఏనుగులూ దొరికాయి. ఒక్క నలుసు అంటలేదు వాటికి.

"చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు," అంది అత్తగారు. కానీ ఆవిడ గొంతు కూడా తగ్గింది.

పొడుగాయన ఇప్పుడు మెడ వంచి లోపలికొచ్చాడు. పెట్టెని చేతిలో తూచి చూశాడు. "దూది పెట్టెకీ దూది ఏనుగుకీ బరువులో తేడా ఏముంటుంది! ఇవి తెచ్చి పెద్దావిడకి ఇచ్చింది నేనే. దూది వచ్చిందండీ అని కేకేసి మరీ ఇచ్చాను," అన్నాడు. నవ్వుదామని చూశాడు కానీ రాలేదు.

అయితే ఇప్పుడేం చెయ్యాలి? అత్తగారు కోడల్ని వంటింట్లోకి పిలిచి గుసగుసలాడింది. "దొరికాయని చెప్పు, చాలు. ఎక్కడ దొరికాయో చెప్పకు. అతనికి ఇంకో రూటు ఇస్తారులే. నీ దుకాణం పోతే నీకు ఎవరిస్తారు?"

ఏనుగులమ్మ పొయ్యి పక్కన నిలబడిపోయింది. నిజం చెప్పాలంటే ఆవిడకి ఆ మాట నచ్చింది. నచ్చినందుకు తన మీద తనకే రోత పుట్టింది. ముందు గదిలోకి తొంగి చూసింది. పొడుగాయన గోడ మీద క్యాలెండరు కేసి చూస్తూ నిలబడ్డాడు. తను దొంగ కాదని రాసివ్వమని అడగడం లేదు. అడిగి ఉంటే కోపగించుకుని తప్పించుకోవచ్చు.

"పద తమ్ముడూ," అంది, చెప్పులు వేసుకుంటూ.

పార్సిల్ ఆఫీసులో సూపర్‌వైజరు నాలుగు ఏనుగుల్నీ, ఫొటోల్నీ చూసి ఒక కాగితం ముందుకు తోశాడు. "జరిగింది జరిగినట్టు రాయండమ్మా. ఈ నాలుగింటినీ ఇక్కణ్నుంచే పంపేస్తాం, ఈయన రూటు ఈయనకి ఇచ్చేస్తాం. కాపీ మాత్రం సైటు వాళ్లకి వెళ్తుంది, అది మా చేతుల్లో లేదు."

ఆవిడ రాసింది. పాత లేబుల్ తీయకపోవడం నా తప్పు, ఈయన తప్పేమీ లేదు అని రాసి, కింద సంతకం పెట్టింది. ఇంటికొచ్చి ఫోను తెరిచేసరికి ఆవిడ దుకాణం పేజీ తెల్లగా ఉంది. సెలవులు ముగిసే వరకు మూసివేయబడింది అని ఒక్క వాక్యం. ఇదివరకే తీసుకున్న ఆర్డర్లు పంపుకోవచ్చన్నారు. అంటే ఆ ముప్పై ఎనిమిదే. మిగతా ఏడాదంతా కుట్టి అల్మారాలో దాచిన ఏనుగులు అల్మారాలోనే ఉండాలి. ఆవిడ ఏడ్చింది. అత్తగారు పక్కన కూర్చుని పాత లేబుళ్లు గోటితో గీకి తీసింది.

శనివారం పొద్దున వ్యాను వచ్చింది. కంపెనీ చొక్కాలో పొడుగాయన. ఏనుగులమ్మ మొహం కడుక్కుని, సంచి కట్టి, చీటీ గుచ్చి, మంచినీళ్ల గ్లాసు పట్టుకుని గుమ్మంలో సిద్ధంగా ఉంది.

"ఏనుగులన్నీ రెడీ తమ్ముడూ," అంది. ఎప్పుడూ ఆయన అడిగే మాట, ఈసారి తనే అంది.

ఆయన గ్లాసు తీసుకుని కిటికీ మీద పెట్టాడు. సంచి మూతి విప్పి, నేల మీద చతికిలబడి, స్కానరు తీశాడు. మొదటి పెట్టె ఎత్తి ముందు అడుగు చూశాడు. తర్వాత పక్కలు. తర్వాత పైన స్కాన్ చేసి ఫొటో తీశాడు.

"ముప్పై ఎనిమిదే తమ్ముడూ. చీటీ రాశానుగా."

"చూసుకుంటాను మేడమ్," అన్నాడు, తల ఎత్తకుండా.

మూడేళ్లు అక్కా అన్న నోరు. తప్పు పట్టడానికి ఆ మాటలో ఏమీ లేదు, మర్యాదగానే అన్నాడు. ఏనుగులమ్మ ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది. సంచిలోంచి రెండో పెట్టె తీసి, బోర్లించి, అడుగు ఆయన వైపు తిప్పి పట్టుకుంది. ఆయన చూసి తలాడించాక మూడోది తీసింది.