అంగిలి మామూలుగా ఉంది

కనక నాలుక మళ్ళీ అక్కడికే పోయింది. అంగిలి మీద, ఎడమవైపు, జొన్నగింజంత గరుకు. వద్దే వద్దే అని ఎంత తిట్టుకున్నా నాలుక వింటుందా! పొద్దున్నుంచీ దానికి అదే పని.

విజయనగరంలో వినియోగదారుల కోర్టు అది. పక్కనే తల్లి చిన్నమ్మి చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఆ చెంగు వెనక సగం అంగిలి లేదు. క్యాన్సరని విశాఖపట్నంలో కోసేసి, ఆ కన్నానికి ప్లాస్టిక్ పలక అమర్చారు. అది పెట్టుకున్నా మాట ముక్కులోంచే వస్తుంది, కనకకి తప్ప ఎవరికీ అర్థం కాదు. అందుకే సాక్ష్యం కనకే చెప్పాలి.

వాళ్ళ ఊరు పాచిపెంట పైన కొండల్లో. నోట్లో పుండని కిందికి దిగి డాక్టర్ సర్వేశ్వరరావు నర్సింగ్‌హోంకి పోయారు. పదకొండు నెలల్లో నాలుగుసార్లు పోతే నాలుగుసార్లూ బి-కాంప్లెక్స్ మాత్రలూ, పూతమందూ ఇచ్చి పంపాడా మహానుభావుడు. చివరికి విశాఖ పోతే ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారమ్మా అని అక్కడివాళ్ళు చీవాట్లు పెట్టారు. మొదట్లోనే వచ్చుంటే చిన్న ముక్క తీసి సరిపెట్టేవాళ్ళట. ఆ ఆలస్యానికి నష్టపరిహారం ఇప్పించమనే ఈ కేసు. వైద్యానికి కాఫీ తోట తాకట్టు పెట్టేశారు. కేసు పోతే తోట పోతుంది, తోట పోయాక ఇంక బతుకేముంది?

వాళ్ళ లాయరు లక్ష్మీప్రసాద్ పొద్దున టీకొట్టు దగ్గర ఒకటే మాట పదిసార్లు చెప్పాడు. చుట్ట సంగతి ఎత్తొద్దు. ఆ కొండల్లో ఆడవాళ్ళు చుట్టని తిప్పి కాలుస్తారు. నిప్పున్న కొస నోటి లోపల పెట్టుకుని పెదాలు మూసేస్తారు. అడ్డపొగ అంటారు దాన్ని. వానలో కలుపు తీస్తున్నా ఆరిపోదు, కాఫీ పళ్ళు కోస్తున్నా చేతికి అడ్డం రాదు. చిన్నమ్మికి నలభై ఏళ్ళ అలవాటు. చేతులు ఖాళీ లేనప్పుడు ముట్టించి ఇయ్యవే అని కూతురికి చెప్పేది. ముట్టించాలంటే రెండు దమ్ములు లాగాలి కదా! అలా పదేళ్ళ వయసుకే కనకకీ అంటుకుంది.

చుట్ట ఒప్పుకుంటే జబ్బు మీరే తెచ్చుకున్నారంటారు, కేసు గోవిందా అన్నాడు లాయరు. పైగా పొగ అలవాటు లేదని డాక్టరే చీటీలో రాసుకున్నాడు, నువ్వూ లేదని ఒక్కమాట చెప్పి వచ్చెయ్ అన్నాడు. కనక తలూపింది. ఊపింది గానీ, పేరు పిలిచేసరికి అన్నీ భయాలే. అబద్ధం దొరికిపోతుందేమోనని ఒక భయం, తోట పోతుందేమోనని ఒక భయం. ఆ రెండిటి అడుగున, ఎవరికీ చెప్పని ఆ జొన్నగింజ భయం.

డాక్టరు తరఫు లాయరు లేచి ఆసుపత్రి చీటీ పైకి చదివాడు. నోరు తెరిపించి చూశాను, అంగిలి మామూలుగా ఉంది, పొగ అలవాటు లేదు. నాలుగు చీటీల్లోనూ అవే మాటలు. చదివి, మీ అమ్మ చుట్ట సంగతి డాక్టరు దగ్గర దాచిపెట్టింది కదూ, అసలు తాగుతుందా తాగదా అని అడిగాడు.

లేదు అనే మాట నోటిదాకా వచ్చింది. కానీ నాలుక మళ్ళీ ఆ గరుకు మీదికి పోయింది. రేపు నేను చూపించుకోడానికి పోయినా అంగిలి మామూలుగా ఉందనే రాసి పంపిస్తారు కదా అనుకుంది కనక.

"తాగీది బాబూ. నలభై ఏళ్ళు. నిప్పు లోపలెట్టి."

లక్ష్మీప్రసాద్ నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. అవతలి లాయరు నవ్వుకుంటూ కూర్చోబోయాడు. కనకకి మాత్రం భయమే నోరిచ్చింది.

"నిప్పు లోపలెడితే అంగిలి కమిలిపోద్ది. మాడిన గిన్నె అడుగులాగుంటాది. మా ఊళ్ళో ఏ ఆడదాని నోరు తెరిపించినా సిన్న గుంటపిల్లకైనా తెలిసిపోద్ది. నానూ తాగుతాను, నా నోరే సూడండి. డాకటేరు బాబు సూసేనని రాసేడు. మామూలుగా ఉందని రాసేడు. మరి ఆయన ఎవరి నోరు సూసేడు?"

పైన కూర్చున్న కోర్టు అధ్యక్షురాలు నాలుగు చీటీలూ పక్కపక్కన పెట్టి చూసింది. తర్వాత చిన్నమ్మిని దగ్గరికి పిలిచి, పలక తియ్యగలరా అని మెల్లగా అడిగింది. చిన్నమ్మి చెంగు దించి, పలక తీసి, నోరు తెరిచింది. కన్నం పక్కన మిగిలిన అంగిలి నల్లగా, తెల్లగా మచ్చలు మచ్చలుగా కమిలిపోయి ఉంది. అధ్యక్షురాలు అది చూసి, అవతలి బెంచీ మీదున్న డాక్టరు వైపు తిరిగింది. ఆయన తలెత్తలేదు. తీర్పు వచ్చే నెలకి వేశారు.

మెట్ల దగ్గర లక్ష్మీప్రసాద్ ఆనందం పట్టలేకపోయాడు. ఇన్నేళ్ళ ప్రాక్టీసులో నాకే తట్టలేదమ్మా, తోట ఎక్కడికీ పోదు అన్నాడు. చిన్నమ్మి ఆ మాట వినిపించుకోలేదు. కూతుర్ని మెట్టు మీద కూర్చోబెట్టి, ఫోను తీసుకుని లైటు వేసింది.

"నోరు తెరువు."

ఇక్కడేటమ్మా, ఇంటికెల్లి సూద్దాం అని కనక మొహం తిప్పుకుంది.

"అంతమందినీ సూడమన్నావు. నానొక్కదాన్నీ సూడకూడదేటే గుంటా?"

కనక నోరు తెరిచి కళ్ళు గట్టిగా మూసుకుంది. తల్లి వేలు చెంప మీద ఆనింది. కుడివైపు చూసింది, ఎడమవైపు చూసింది. అక్కడ ఆగిపోయింది.

"ఎన్నాల్నించే?"

"కాఫీ కోతల కాడ్నించి."

చిన్నమ్మి తిట్టలేదు. ఫోను లైటు ఆర్పడం కూడా మర్చిపోయి, నానే కదే నీ సేత ముట్టించాను అంది. ముక్కులోంచి వచ్చిన ఆ మాట లాయరుకి అర్థం కాలేదు. ఏమంటున్నారమ్మా అని అడిగాడు. కనక తల్లి చేతిలో ఫోను లైటు ఆర్పింది.

బస్టాపులో ఊరికి పోయే సాలూరు బస్సు వచ్చి ఆగింది. చిన్నమ్మి కూతురి మణికట్టు పట్టుకుని ఎక్కనివ్వలేదు. ఇద్దరూ రోడ్డు దాటి, విశాఖపట్నం పోయే బస్సు కోసం నిలబడ్డారు.