మూత మరల్లో నా వాటా

నేను ఒక ఊరగాయ సీసాను, మరమూత గలదాన్ని. ఎవరి సరుకైనా భద్రంగా అప్పగిస్తాను. కూలిగా మూత మరల్లో రవ్వంత ఉంచుకుంటాను. ఇది దొంగతనం కాదు, తరుగు. ఏ వ్యాపారినడిగినా తేడా చెబుతాడు.

కొలిమిలో పుట్టి మొదట తేనె మోశాను. తరవాత విశాఖపట్నంలో తులసీరత్నం ఇంట మాగాయకు కుదిరాను. ఆమె మురుగునీటిని శుద్ధిచేసే సూక్ష్మజీవుల మీద పరిశోధన చేస్తోంది. ఒకనాడు శుద్ధికేంద్రంలో తొట్టె మీదికి వంగి, నమూనా కోసం తెచ్చుకున్న సీసాను అందులోనే జారవిడిచింది. ఇక మిగిలింది క్యారియర్ పక్కనున్న నేనే. మాగాయ అన్నంలోకి పోయింది. నన్ను వేడినీళ్లతో కడిగి మురుగు నింపింది. నేనేమీ బాధపడలేదు. సరుకు చూసి ముక్కు మూసుకునేవాడు కొట్టు నడపలేడు.

ఆ మురుగులో నారింజరంగు బాక్టీరియా ఒకటి దొరికింది. దాని జన్యువులు తెలిసిన ఏ జాతితోనూ కలవలేదు. కొత్త జాతే! కానీ పేరు నిలవాలంటే ప్రాణమున్న నమూనాను రెండు దేశాల భాండాగారాల్లో దాచాలట. మనుషులు తమ బిడ్డకు పుట్టకముందే పేరు ఎంచుకుంటారు, క్రిమికి మాత్రం ఇద్దరు జామీనుదార్లు కావాలంటారు.

పంపేలోగా ఫ్రీజరు చెడి, పెంచినదంతా చచ్చింది. తొట్టెను అప్పటికే మరమ్మతుకు ఎండగట్టారు. డాక్టరేటు కూడా క్రిమితోపాటే పోయేటట్టుంది. అప్పుడు తులసీరత్నానికి నేను గుర్తొచ్చాను. ప్రయోగశాలలో సీసాలు కడిగే నూకాలు దగ్గరికి పరుగెత్తింది.

"నూకాలూ, ఆ సీసా కడిగేశావా?"

"నిన్న తిట్టినారు కదా, రెండుసార్లు తోమినాను."

తులసీరత్నం అక్కడే కూలబడింది.

"కడక్కపోతే తిడతారు, కడిగితే ఏడుస్తారు. మీకేటి కావాలో ముందు సెప్పండమ్మా!"

"మూతో?"

"ఆ సందుల్లో నా యేలు దూరదు. ఇంక తిట్టండి."

తులసీరత్నం ఆమెను కౌగిలించుకుంది. నూకాలు హడలిపోయింది.

మరల్లోని మడ్డి గీకి పెంచితే ముందు తెల్లటిదేదో మొలిచింది. "ఇది కొత్త జాతి కాదమ్మా, మీ ఇంటి మాగాయ!" అన్నారు ప్రొఫెసర్ పట్నాయక్ గారు. కానీ ఇంకొన్నాళ్లకు దాని పక్కనే నారింజ చుక్క తేలింది. జన్యువులు సరిపోయాయి.

క్రిమికి పేరొచ్చింది, తులసీరత్నానికి డాక్టరేటొచ్చింది. నాకు అద్దాల బీరువా దక్కింది, మీద 'కడగరాదు' అన్న చీటీతో. "పనీపాటా లేందానికి మేడ!" అని నూకాలు రోజూ దుమ్ము దులుపుతుంది.

అడుగు మరలో రవ్వంత తేనె ఇంకా ఉంది. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.