కంటికీ ఆకాశానికీ మధ్య పొగ

పెళ్లయి నెల తిరక్కుండానే అత్తగారు పోయారు. ఆ ఇంట్లో కొత్త కోడలికి నవ్వు దాచుకోవడమే పెద్ద పనైపోయింది. తీగ మీద తన చున్నీ పక్కన భర్త చొక్కా ఆరుతూ కనిపించినా చాలు, పెదాలు వాటంతటవే విచ్చుకునేవి. వెంటనే మామగారి గది వైపు చూసి నాలుక్కరుచుకునేది.

మామగారు మదరసాలో ఖురాన్ వ్యాఖ్యానం చెప్పే పండితుడు. ఇప్పుడు పాఠాలు మానేసి కిటికీ దగ్గరే కూర్చుంటున్నారు. చూపు ఆనడం లేదంటూ కోడలి చేత ఆ వ్యాఖ్యానాలు చదివించుకునేవారు. మొన్న పొగ ప్రస్తావన వచ్చింది. ఆకాశం పొగతో నిండే రోజు రాబోయే ప్రళయానికి గుర్తని కొందరు పండితులు అంటారట.

"అది ఎప్పుడో అయిపోయింది తల్లీ. కరువులో కడుపులు మాడిన జనం తలెత్తి చూస్తే, ఆకాశం పొగలా కనిపించింది. అలా చెప్పిన పెద్దల పక్షమే నేను," అన్నారాయన.

ఆయన గది నుంచి ఖాళీ కంచం వస్తే ఆమెకు పండగే. "నా వంట మామయ్యకి పట్టింది," అని భర్త దగ్గర గొప్పలు పోయేది.

"మా నాన్న నాలుకకి అంత ధైర్యం ఎక్కడిది?" అని అతను ఏడిపించేవాడు.

ఇవాళ కంచం కోసం వెళ్లేసరికి మామగారు ఆకాశంలోకి చూస్తున్నారు. ముఖంలో ఎన్నడూ లేని వెలుగు.

"అమ్మాయ్, పొగ చూశావా? నేనే పొరబడ్డాను. అది ఇప్పుడొస్తోంది. ఇక అందరూ సమాధుల్లోంచి లేస్తారు. మీ అత్తయ్య కూడా."

బయట ఎండ ఫెళ్లున కాస్తోంది. ఆమె కిటికీలోంచి వంగి చూసింది. కింది రేకు మీద రొట్టె ముక్కలు, ఎగరడానికి బద్ధకించేంత బలిసిన పావురాలు.

"మామయ్యా, ఎన్నాళ్లుగా తినడం లేదు మీరు?"

ఆయన ఖాళీ కంచం ఆమె వైపు జరిపారు.

"మొన్న మీరు చెప్పిందే నిజం. పొగ పైన లేదు, మీ కళ్లలో ఉంది."

"అయితే ఇది ఆ రోజు కాదా?"

అబద్ధం చెబుదామా అని ఒక్క క్షణం అనిపించింది.

"కాదు మామయ్యా."

ఆ వెలుగు ఆరిపోయింది. ఆమె పాలు తెచ్చి, రొట్టె నానబెట్టి నోటికందించింది. మింగుతుంటే ఆయన మెడ నరాలు లేచాయి.

"ఇంకొక్క ముద్ద," అంది.

ఆయన నోరు తెరిచారు. చూపు మాత్రం ఆకాశం మీదే ఉంది.