తెరేసమ్మ గేదె ఏమైంది?

నా రాతలో ఒత్తులు తప్పినా, దీర్ఘాలు జారినా మన్నించండి. చెయ్యి నిదానం, ఈ కాస్త రాయడానికే వారాలు పట్టింది. 'నేను, నేను' అని రాసుకోవడం సిగ్గుగా ఉంది. అందుకని ఎవరి కథో అన్నట్టు, ఛాయాదేవి అని పేరు పెట్టే చెబుతాను.

ఛాయాదేవి భర్త వెంకటకృష్ణారావు గారు పామర్రు చుట్టుపక్కల ఊళ్ళకి పశువుల డాక్టరు. ఏ ఊళ్ళో ఎవరి గొడ్డును చూసిందీ ఇంటికి రాగానే డైరీలో రాసుకునేవారు. ఆయన పోయాక ఆ డైరీలు, ఉత్తరాలు, ఫోటోలు ఒక ట్రంకుపెట్టె నిండా మిగిలాయి. యూనివర్సిటీలో ఇలాంటి కాగితాలు భద్రం చేస్తున్నారని విని, ఇచ్చేస్తామని కొడుకు చక్రి వాళ్ళకి మాటిచ్చాడు. ఆవిడా సరేనంది. చదవడం రాని మనిషికి కాగితాలు ఎక్కడుంటే ఏం?

అయితే యూనివర్సిటీ వ్యాను రావడానికి ఏడాది పైనే పట్టింది. ఈలోగా భవానీపురంలో పక్కవాటా కనకలక్ష్మి దగ్గర కూర్చుని ఆవిడ అక్షరాలు నేర్చేసుకుంది. తప్పుల్లేకుండా వచ్చాకే చెబుదామని ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చదవడానికి చేతికందినవి ఆ డైరీలే. కూడబలుక్కుంటూ రోజుకో పేజీ చదివేది. టీవీలో సీరియల్ కూడా మానేసింది.

వ్యాను వచ్చిన రోజుకి కథ మంచి పట్టులో ఉంది. కాలవ అవతల తెరేసమ్మ అనే ఆవిడ గేదె. ఇవాళో రేపో ఈనాలి. మేత ముట్టడం లేదు, లేవడం లేదు. 'కాల్షియం ఎక్కించాను, రేపు పొద్దున్నే మళ్ళీ వెళ్ళాలి' అని రాశారాయన. అక్కడికి పేజీ అయిపోయింది. మర్నాటి పేజీ తిప్పేలోపే వీధిలో హారన్ మోగింది.

ఆగండి, నేనింకా చదవాలి అనడానికి నోరు రాలేదు. డైరీలు పెట్టెలో సర్దింది. ఒకరింటికి వట్టి పెట్టె పంపడం ఆవిడ ఎరగదు. అక్కడివాళ్ళు తింటారని సున్నుండల డబ్బా కూడా మధ్యలో ఇరికించింది. పెట్టె తీస్తే వాళ్ళకే కనిపిస్తుంది కదా అని ఎవరికీ చెప్పలేదు.

వాళ్ళు తియ్యలేదు. పాత కాగితాలతో పురుగులొస్తాయని, కొత్తగా వచ్చిన పెట్టెల్ని కొన్నాళ్ళు విడిగా ఒక గదిలో ఉంచుతారట. చివరికి మూత ఎత్తేసరికి చీమల దండు.

అక్కడ కాగితాలు చూసుకునే భానుశ్రీ చక్రికి ఫోన్ చేసింది. చక్రి తల పట్టుకున్నాడు.

"అది యూనివర్సిటీనా, వియ్యంకుడిల్లా అమ్మా?"

పెట్టె వెనక్కిచ్చేస్తారేమోనని ఛాయాదేవికి లోపల సంబరంగా ఉంది. పైకి బాధగానే మొహం పెట్టి, చీర మార్చుకుని కారెక్కింది.

భానుశ్రీ బంగారం లాంటి పిల్ల. చీమలు సున్నుండల జోలికే వెళ్ళాయని, ఒక్క కాగితం పాడవలేదని, ఒక్కో పేజీ కుంచెతో దులిపామని చెప్పింది. ఇక మీదట పెట్టెలో తినేవి పెట్టొద్దని చెప్పడానికే పిలిచిందట. చక్రి క్షమాపణలు చెప్పి లేవబోయాడు. ఛాయాదేవి లేవలేదు. ఇప్పుడు అడక్కపోతే ఇక ఎప్పటికీ తెలియదు.

"తెరేసమ్మ గేదె ఏమైందో చూసుకుని ఇచ్చేస్తానమ్మా. పెట్టె ఓసారి ఇంటికి పంపుతావా?"

ఎవరీ తెరేసమ్మ అన్నట్టు ఇద్దరూ చూశారు. సంగతంతా చెప్పక తప్పలేదు. చక్రి మళ్ళీ కుర్చీలో కూలబడ్డాడు.

"నీకు చదవడం ఎప్పుడొచ్చింది?"

"నువ్వు ఫోను చూసుకుంటున్నప్పుడు."

భానుశ్రీ పకపకా నవ్వింది. లోపలికొచ్చిన కాగితం బయటికి వెళ్ళదనీ, ఇక్కడ కూర్చుని ఎవరైనా చదువుకోవచ్చనీ చెప్పి, ఒక ఫారం ఇచ్చింది. ఎందుకు చదవదలిచారు అని ఉన్నచోట రాసిపెడతానని చక్రి పెన్ను తీశాడు. ఛాయాదేవి ఫారం తన వైపు లాక్కుని, నాలిక కొస పంటికింద పెట్టుకుని, 'మిగతాది చదవడానికి' అని తనే రాసింది.

డైరీ తెచ్చి మెత్తటి దిండు మీద పెట్టారు. మర్నాటి పేజీ మీద వేలు ఆనించకుండా, అక్షరం అక్షరం కూడబలుక్కుంది.

'గేదె లేచింది. పెయ్యదూడ. తెరేసమ్మ జున్నుపాలు పంపింది. ఛాయ మిరియాలు దంచి, బెల్లం వేసి వండింది. చాలా బాగుంది.'

ఆ గదిలో గట్టిగా మాట్లాడకూడదని గోడ మీద రాసుంది. అది కూడా ఆవిడే చదివింది. అయినా ఆగలేకపోయింది.

"గిన్నె ఊడ్చుకు తిన్నారు. బాగుందని నాతో ఒక్కమాట అన్లేదు చూడు!"

చదువుకుంటున్నవాళ్ళంతా తలెత్తారు. గేదె సంగతి అందరికీ చెప్పేదాకా భానుశ్రీ కూడా ఊరుకుంది.

వచ్చేటప్పుడు భానుశ్రీ సున్నుండల డబ్బా కడిగి తిరిగిచ్చింది. ఖాళీగా కాదు, రెండు జామకాయలు వేసి. ఇప్పుడు ప్రతి గురువారం ఛాయాదేవి బస్సెక్కి వెళుతోంది. జువ్వలపాలెం ఎద్దుకి కాలు విరిగింది. వచ్చే వారం తెలుస్తుంది.

ఛాయాదేవి
వయసు డెబ్బై ఒకటి
భవానీపురం, విజయవాడ